తోటికోడలి సాక్ష్యం

పెద్దకోడలు చర్చి సంఘంలో వాక్యం చెప్పడం మొదలుపెట్టేనాటికి చిన్నకోడలు ఆ ఇంటికి ఇంకా రానేలేదు. ఈ సంగతి పెద్దకోడలు పైకి ఎవరితోనూ అనేది కాదు గానీ, మనసులో మాత్రం దాన్ని ఎప్పుడూ చేతికందేచోట పెట్టుకునేది.

ఆమె దర్జీ. ఇంటి ముందుగదే కొట్టు. వీధివైపు కిటికీ కింద కుట్టుమిషను, పక్కన కత్తిరింపుల బల్ల, గోడకు వేలాడే బడిపిల్లల యూనిఫాంలు, జిప్పులు మార్చాల్సిన ప్యాంట్లు, పొడుగు తగ్గించాల్సిన కర్టెన్లు. వెనకగది అత్తగారిది. ఆవిడ పొద్దున్నే కొట్టులోకి వచ్చి కూర్చుని గుండీలు కుట్టిపెట్టేది. వయసు మీదపడినా కళ్లజోడు లేకుండానే సూదిలోకి దారం ఎక్కించగలదు. ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పేది కూడా. కొట్టు పక్కనుంచే మేడమీదికి మెట్లు. మేడమీద మరిదీ, తోటికోడలూ. మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. తోటికోడలు ల్యాబులో పనిచేస్తుంది. పరగడుపున వచ్చేవాళ్ల చేతుల్లోంచి పరీక్షకు రక్తం తీయడం ఆమె పని.

"ఒకామెది బట్టకు సూది, ఒకామెది మనిషికి సూది. ఒకళ్లనొకళ్లు పొడుచుకోకుండా ఉంటే అదే పదివేలు," అనేది అత్తగారు నవ్వుతూ.

పొడుచుకోవడానికి చాలాకాలం కారణమే లేకపోయింది. చిన్నకోడలు నోట్లో నాలుక లేని మనిషి. చర్చిలో ఎప్పుడూ వెనక వరసలో, ఫ్యాను కింద కాకుండా పక్కన కూర్చునేది, ఫ్యాను కింది కుర్చీ ఇంకెవరికైనా కావాలేమోనని. స్త్రీల కూడికలో పెద్దకోడలు లేచి నిలబడి మైకు సరిచేసుకుంటే అందరి వీపులూ నిటారయ్యేవి. ఆమెది గంటలాంటి గొంతు. సంగతిని మూడు భాగాలుగా విడదీసి, ఒక్కొక్కదాన్నీ కొలతబద్ద పెట్టి కత్తిరించినట్టు చెప్పేది. "పెద్దక్క చెప్తే ఇంక తిరుగులేదు," అనేవాళ్లు. ఆ మాట ఆమెకు అలవాటైపోయింది. అలవాటైనదాని రుచి అది పోయినప్పుడుగాని తెలియదు.

అది పోవడం ఒక జలుబుతో మొదలైంది. ఆ వారం పెద్దకోడలికి గొంతు పూర్తిగా పూడుకుపోయింది. కూడికకు వెళ్లింది గానీ, నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. పాస్టరమ్మ అటూ ఇటూ చూసి, వెనక వరసలో ఉన్న చిన్నకోడల్ని పిలిచింది.

"రామ్మా, రెండు మాటలు చెప్పు. నీకు తోచిందే చెప్పు."

చిన్నకోడలు లేచి ముందుకు వచ్చింది. మైకు పట్టుకోవడం కూడా తెలియలేదు. ఆ పొద్దున ల్యాబుకు వచ్చిన ఒక ముసలాయన గురించి చెప్పింది. ఆయన చేతికి నరం దొరకలేదట. పొడిచిన ప్రతిసారీ తప్పింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడాయన, "తొందరేం లేదు తల్లీ. నా నరాలు నా పెళ్లాం మాటే వినవు, నీ మాటేం వింటాయి? ముందు నువ్వు ఆ కుర్చీలో కూర్చో, కాస్త నీళ్లు తాగు," అన్నాడట. "సూది పొడిపించుకునేది ఆయన. ఓదార్చింది నన్ను," అంది చిన్నకోడలు. "దేవుడు కూడా అలాగే చేస్తాడేమో అనిపించింది. మన చేతిలో దెబ్బ తిని, మళ్లీ మనల్నే కూర్చోమంటాడు." అంతే. ఇంకేం తోచక, వందనాలు చెప్పి కూర్చుంది.

హాల్లో ముందు నవ్వు, ఆ తర్వాత ముక్కులు చీదుకుంటున్న చప్పుడు. గుడ్లకొట్టు నడిపే ఆవిడ, ఏళ్ల తరబడి కూడికకు వస్తున్నా ఎవరితోనూ పెదవి విప్పని మనిషి, లేచివెళ్లి చిన్నకోడలి రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

పెద్దకోడలు అక్కడే ఉంది. "బాగా చెప్పావు" అనాల్సింది ఆమే. గొంతు లేదన్నట్టు చేత్తో సైగ చేసి, కొంగు సర్దుకుంది. నిజానికి ఆ క్షణంలో గొంతు లేకపోవడం ఆమెకు ఎంతో హాయిగా ఉంది.

గొంతు వచ్చింది గానీ పాతరోజులు రాలేదు. కొట్టుకు వచ్చేవాళ్లు ప్యాంటు బల్లమీద పెట్టి, కొలత చెప్పకుండానే, "మీ తోటికోడలు ఉందా పెద్దక్కా?" అనడం మొదలుపెట్టారు. "పైన ఉంది," అంటే చాలు, చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లెక్కేవాళ్లు. ఎవరి చెప్పులు ఎలా మోగుతాయో పెద్దకోడలికి పట్టుబడిపోయింది. గుడ్లకొట్టామెవి రబ్బరు చెప్పులు, మెత్తగా పడతాయి. పాస్టరమ్మవి మడమ ఎత్తువి. ఎక్కిన చప్పుడు వినిపించేది, దిగిన చప్పుడు ఎంతకీ వినిపించేది కాదు. పైనుంచి నవ్వులు మాత్రం వినిపించేవి. వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినాలని మిషను ఆపేది. వినబడక, విసురుగా మళ్లీ తొక్కేది.

"ఆ మిషను ఏం పాపం చేసిందే?" అనేది అత్తగారు, గుండీమీంచి తలెత్తకుండా.

"అర్జంటు పని అత్తయ్యా."

"మరి దారం ఎక్కించుకోకుండా కుడుతున్నావేం?"

చూస్తే నిజంగానే రీలు అయిపోయి ఉంది. ఒట్టి సూది బట్టలో చిల్లులు పొడుచుకుంటూ పోతోంది.

ఆమెకు తెలియనిది కాదు. అసూయ గురించి ఆమే ఎన్నోసార్లు చెప్పింది, మూడు భాగాలుగా విడదీసి మరీ. అసూయ ఎముకలకు కుళ్లు అన్నప్పుడు వింటున్నవాళ్లు తలలూపారు. ఇప్పుడు ఆ కుళ్లు తన ఎముకల్లోనే పాకుతుంటే దానికి ఇంకేదో పేరు పెట్టుకునేది. "నాకు దానిమీద కోపమేం లేదు, కాస్త పద్ధతి నేర్చుకుంటే బాగుండునని," అనుకునేది. అందుకే పద్ధతి నేర్పేది. చిన్నకోడలు ఎప్పుడు రెండు మాటలు చెప్పినా, ఇంటికి నడిచొచ్చే దారిలో, "బాగానే చెప్పావు గానీ, అన్నీ ల్యాబు ముచ్చట్లేనా?" అనేది. "బాగానే ఉంది గానీ, మాట మధ్యలో అలా నవ్వకూడదు."

"అలాగే అక్కా," అనేది చిన్నకోడలు. ఆ 'అలాగే'లో వెతికినా వెటకారం దొరికేది కాదు. దొరికితే ఎంత బాగుండేదో! పోట్లాడుకోవడానికి ఒక కొస దొరికేది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఈ తోటికోడలు నవ్వను కూడా నవ్వలేదే! ఏ సాకుతో ఏడవాలి?

చుట్టుపక్కల సంఘాల స్త్రీలందరూ కలిసే పెద్ద కూడిక దగ్గరపడింది. ప్రతి ఏడూ అందులో ఉదయపు వాక్యం పెద్దకోడలిదే. దానికోసం కొత్త జాకెట్టు ముక్క కూడా కత్తిరించి పెట్టుకుంది. ఒక సాయంత్రం పాస్టరమ్మ హాలు కర్టెన్లు పట్టుకుని కొట్టుకు వచ్చింది. వయసులో పెద్దకోడలికంటే చిన్నది, సంఘానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు, కానీ కళ్లలోకి చూసి మాట్లాడే మనిషి.

"పెద్దక్కా, ఈసారి ప్రోత్సాహం గురించి చెప్పుకుందామనుకున్నాం. పొద్దున మీ తోటికోడలు చెప్తే ఎలా ఉంటుందంటారు? మీరు సభ నడపండి. మధ్యాహ్నం ముగింపు మాటా మీరే చెప్పండి. ఆమె భయపడుతోంది, మీరు కాస్త దగ్గరుండి సిద్ధం చేయాలి. మీకంటే ఎవరికి తెలుసు చెప్పండి?"

పెద్దకోడలు కర్టెన్లు అందుకుంది. "అయ్యో, దానికేముందమ్మా! సంతోషమేగా. మన ఇంటి పిల్లేగా," అంది నవ్వుతూ. ఆ నవ్వుతోనే కర్టెను అంచు మడిచి మిషను కిందికి తోసింది. పాస్టరమ్మ వెళ్లాక చూసుకుంటే, మడత తిరగేసి కుట్టింది. అంచంతా విప్పాల్సి వచ్చింది. పళ్లతో దారాలు తెంపుకుంటూ కూర్చుంది. అత్తగారు కత్తెర ముందుకు జరిపింది.

రెండు మూడు రోజులకు చిన్నకోడలు దిగి వచ్చింది. ల్యాబునుంచి వచ్చి మొహం కడుక్కుని, తల కూడా దువ్వుకోకుండా నేరుగా కొట్టులోకే వచ్చింది. కత్తిరింపుల బల్లకు ఆనుకుని నిలబడి, "అక్కా, ఒక్కసారి వింటారా? తప్పులుంటే చెప్పండి," అంది.

"చెప్పు."

చిన్నకోడలు చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు చేతులు వణికేవి. ఒకసారి ఒక పాప తల్లి ఆమెమీద గట్టిగా అరిచింది. ఇంక ఈ పని నావల్ల కాదు, రేపటినుంచి రాను అనుకుని తెల్లకోటు విప్పి మడత పెట్టేసింది. అప్పుడు ల్యాబులో అందరికంటే సీనియరు, ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకునే మనిషి, పనంతా అయ్యాక తలుపు వేసి, కుర్చీలో కూర్చుని, తన కోటు చెయ్యి పైకి మడిచింది. "ఊరివాళ్ల చేతులమీద భయంగా ఉంటే నా చేతిమీద నేర్చుకో," అంది. చిన్నకోడలు తప్పింది, మళ్లీ తప్పింది. ఆ చెయ్యి మోచేతిదాకా నల్లగా కమిలిపోయింది. సీనియరు మొహం చిట్లించలేదు. "ఇప్పుడు కాస్త దగ్గరికొచ్చావు. ఇంకొంచెం పక్కకు," అంటూ ఉండిపోయింది. మర్నాడు ఎవరో ఆ చెయ్యి చూసి, "ఏమైంది, ఎక్కడైనా పడ్డారా?" అని అడిగితే, "లేదు, మా అమ్మాయి పని నేర్చుకుంది," అంది.

"అంతే అక్కా. ప్రోత్సాహమంటే నాకు అదే గుర్తొస్తుంది. నువ్వు చేయగలవు అని నోటితో అనడం కాదు, చెయ్యి చాపి, నామీద నేర్చుకో అనడం. యేసయ్య చేసింది అదే కదా అని చెప్పి ముగిద్దామనుకుంటున్నా. బాగుందా?"

పెద్దకోడలి వేళ్లు బట్టమీద ఆగిపోయాయి. గుండెలోంచి ఏదో పొంగి కళ్లదాకా వచ్చింది. ఎన్నేళ్లుగా వాక్యం చెప్తోందో, ఒక్కసారైనా ఇంత సూటిగా మనిషిలోకి దిగే మాట తన నోట రాలేదని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఆ పొంగు వెనకాలే ఇంకొకటి వచ్చింది. హాలంతా ఏడుస్తూ కనబడింది. చుట్టుపక్కల సంఘాలవాళ్లంతా మెట్లెక్కుతున్న చెప్పుల చప్పుడు వినబడింది. తాను కింద జిప్పులు మారుస్తూ కనబడింది.

కళ్లు తుడుచుకునే అవసరం రాకుండా ఆర్పుకుని, "చూడమ్మాయ్," అంది. "చర్చిలో కూర్చుని సూదులూ, రక్తాలూ, కమిలిపోయిన చేతులూ అంటే వినేవాళ్లకు తిన్నది ఇముడుతుందా? పైగా బయటి సంఘాలవాళ్లు వస్తారు. అది తీసెయ్."

"తీసేస్తే ఇంకేం మిగులుతుందక్కా?"

"వాక్యం మిగులుతుంది. వాక్యం చాలదా?"

చిన్నకోడలు మొహం ఎర్రబడింది. "అయ్యో, చాలదని కాదు."

"నేను చెప్తా, రాసుకో." పెద్దకోడలు తన పాత పద్ధతిలో సంగతిని భాగాలు చేసి, ప్రతి భాగానికీ పెద్దపెద్ద మాటలతో ఒక శీర్షిక పెట్టి చెప్పింది. అవి ఆమె గంటలాంటి గొంతుకు సరిపోయే మాటలు. ఎదుటిమనిషి కొలత తీసుకోకుండా ఆమె ఎన్నడూ గుడ్డ కత్తిరించి ఎరగదు. ఆ రోజు కత్తిరించింది.

"మీకు ఎంత శ్రమ ఇచ్చానో అక్కా," అని చిన్నకోడలు కాగితం మడుచుకుని మెట్లెక్కింది.

కూడిక రోజు హాలు నిండిపోయింది. బయట వరండాలో కూడా కుర్చీలు వేశారు. పెద్దకోడలు సభ మొదలుపెట్టి, పాట పాడించి, తోటికోడల్ని పిలిచింది. పిలుస్తూ రెండు పొగడ్తలు కూడా చెప్పింది, ధారాళంగా. రాబోయేది తెలిసినవాళ్లకు పొగడ్త ఖర్చు కాదు.

చిన్నకోడలు మొదటి శీర్షిక చెప్పింది. ఆ మాటలు ఆమె నోట్లో ఎవరివో పెద్ద చెప్పులు వేసుకుని నడుస్తున్నట్టు తడబడ్డాయి. రెండోదానికి వచ్చేసరికి ముందు వరసలో ఒకామె చేతిసంచి తెరిచి ఏదో వెతుక్కోసాగింది. వెనక కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. ఎవరో దగ్గారు, దగ్గు అంటుకున్నట్టు ఇంకెవరో దగ్గారు. చిన్నకోడలు కాగితంలోకి చూసింది, పైకి చూసింది. చెమట కణతలమీదుగా జారుతోంది. వాక్యం మధ్యలో ఆగిపోయింది.

"నాకు... ఇది రావట్లేదు. క్షమించండి," అని కూర్చుండిపోయింది.

పెద్దకోడలు లేచింది. లేచి, తడుముకోకుండా, ఆగినచోటనుంచి అందుకుని, అవే శీర్షికల్ని తన గొంతుతో మోగించింది. ఎంత బాగా మోగించిందో! సర్దుకు కూర్చున్నారు, తలలూపారు, చివర గట్టిగా ఆమేన్ అన్నారు. టీ వేళకు చుట్టూ మూగారు. "పెద్దక్కా, మీరు లేకపోతే ఈరోజు మా పరువేమయ్యేది!" "ఎంతైనా మీ దారి వేరు."

కోరుకున్నది వచ్చి ఒళ్లో పడింది. టీ గ్లాసు పట్టుకుని, కాస్త గాలికని హాలు వెనక వంటగది వైపు నడిచింది. లోపల కప్పులు కడుగుతున్న చప్పుడు. గుడ్లకొట్టామె గొంతు వినబడింది.

"నువ్వు ఆ రోజు ముసలాయన గురించి చెప్పినట్టు చెప్పొచ్చు కదమ్మా! నీకెందుకొచ్చిన పెద్ద మాటలు? ఎవరు రాసిచ్చారు?"

"అలా అనకండి," అంది చిన్నకోడలు. ఏడ్చి ఏడ్చి ముక్కు పూడుకుపోయిన గొంతు. "అక్క పని మానుకుని నాకోసం కూర్చుంది. బంగారంలాంటి మాటలు ఇచ్చింది. నాకే చేతకాలేదు. ఆమె పరువు కూడా తీశాను."

పెద్దకోడలు తేలు కుట్టిన దొంగలా గుమ్మం పక్కన నిలబడిపోయింది. టీ చల్లారింది. మధ్యాహ్నం ముగింపు మాటల్లో ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

ఇంటికి వచ్చాక, ఇంకా వెలుతురుండగానే, కొట్టు తలుపు సగం తెరిచి మిషను ముందు కూర్చుంది. అత్తగారు కర్ర ఆనించి కుర్చీలో కూలబడింది.

"ఏమే, ఆ చెయ్యి కథ ఏమైంది?"

"ఏ చెయ్యి కథ?"

"నా కాళ్లు మొండికేశాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి. ఆవేళ చిన్నది నీకు చెప్తుంటే వెనకగదిలో పడుకుని విన్నా. కన్నీళ్లకు దుప్పటి తడిసింది. ఇవాళ అది చెప్తుందని ముందు వరసలో కూర్చున్నా. ఏది?"

"నేనే తీసేయమన్నా."

"ఏం, బాగాలేదా?"

చెప్పడానికి చాలా ఉన్నాయి. బయటివాళ్లు, రక్తం, పద్ధతి. వాటిలో ఒక్కటీ నోటిదాకా రాలేదు.

"బాగుందనే తీసేయమన్నా అత్తయ్యా."

అత్తగారు కర్ర ఎత్తి మెట్లవైపు చూపించింది. "నాకు చెప్తే ఏం లాభం? ఆ మెట్లు నేను ఎక్కలేను. నువ్వెక్కగలవు," అంది.

పెద్దకోడలు మెట్లెక్కింది. పైన చిన్నకోడలు తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటోంది. తలుపు దగ్గర ఆమెను చూసి, "రండక్కా," అని కుర్చీమీది బట్టలు తీయబోయింది.

"కూర్చోను. విను. నీ చెయ్యి కథ చాలా బాగుంది. నాకు ఏడుపొచ్చింది. అది చెప్తే నన్ను ఎవరూ గుర్తుపెట్టుకోరని తీసేయమన్నా. ఆ మాటలు నీకు నప్పవని తెలిసే ఇచ్చా. నీకు చేతకాక కాదు. నేనే నిన్ను చేతకానిదాన్ని చేశాను."

చిన్నకోడలు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. తాను ఆమె పాదాలమీద పడి ఏడ్వడం, ఆమె అక్కా అని కౌగిలించుకోవడం, ఇలాంటిదేదో జరుగుతుందని పెద్దకోడలు మెట్లెక్కుతూ అనుకుంది. అలాంటిదేమీ జరగలేదు.

"ఆ కాగితం బస్సులో కూడా చదువుకున్నానక్కా," అంది చిన్నకోడలు మెల్లగా. "రోజూ అద్దం ముందు నిలబడి చెప్పుకున్నా. రాకపోతే, నా బుద్ధే తక్కువని ప్రార్థన చేసుకున్నా." ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది. "ఇప్పుడు మీరు కిందికి వెళ్లండి. నాకు చాలా కోపంగా ఉంది. ఏదైనా అనేస్తానేమో."

పెద్దకోడలు దిగి వచ్చేసింది.

ఆ వారమే పాస్టరమ్మ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. "ఇంక నేను వాక్యం చెప్పను. మైకు ముట్టుకోను. అన్నీ మానేస్తాను," అంది.

పాస్టరమ్మ విని, తొందరపడి ఓదార్చలేదు. "మానేస్తే అందరూ ఏమంటారు పెద్దక్కా?"

"ఏమంటారు?"

"పెద్దక్క ఎందుకు మానేసింది, పాపం పెద్దక్క, అంటారు. మళ్లీ మీ ముచ్చటే అవుతుంది." తర్వాత కాస్త నవ్వింది. "మానేయడం తేలిక. మీరు అక్కడే కూర్చుని, మాట్లాడటం రానివాళ్లను మాట్లాడించండి. అది చేయగలరా?"

అది చెప్పుకున్నంత సులువుగా లేదు. మొదట గుడ్లకొట్టామెతో మొదలైంది. ఆమెకు పైకి ప్రార్థన చేయాలని ఎన్నాళ్లుగానో కోరిక, ధైర్యం లేదు. కొట్టు మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు పెద్దకోడలు ఆమెను కూర్చోబెట్టుకునేది. గుడ్లకొట్టామె దేవుడితో గుడ్ల ధరలూ, మోకాళ్ల నొప్పులూ, అల్లుడి కోపమూ అన్నీ కలిపి మాట్లాడేది. సరిదిద్దాలని పెద్దకోడలి నాలుక దురదపెట్టేది. పెదవులు బిగించుకుని, "చెప్పు, దేవుడికి గుడ్ల సంగతి తెలియకూడదా ఏం?" అనేది. ఆమె మొదటిసారి కూడికలో లేచి ప్రార్థన చేసినప్పుడు అందరూ మెచ్చుకున్నారు; వెనకాల ఎవరున్నారో ఎవరికీ తెలియలేదు. తెలియనందుకు పెద్దకోడలికి ఆ రోజంతా తిండి సహించలేదు. ఇంత చిన్నదానికి కూడానా అని తనమీద తనకే నవ్వొచ్చింది.

ఒకనాడు కూడికలో లేచి, "పెద్ద కూడికలో నా తోటికోడలు చెప్పలేకపోయింది నావల్ల. ఆమె దగ్గరున్న మంచి మాట నేను ఓర్వలేక తీయించాను," అని చెప్పి కూర్చుంది. భాగాలు చేయలేదు. ఆ తర్వాత కొందరు ఆమెతో ముభావంగా ఉన్నారు. ఒకామె కుట్టడానికి ఇచ్చిన గౌను కూడా వెనక్కి పట్టుకుపోయింది. చిన్నకోడలు ఆ రోజు ఏమీ అనలేదు, తర్వాతి వారం కూడా అనలేదు. ఇంట్లో కనబడితే "భోంచేశారా" అనేది, అంతవరకే.

కోపం దాని వేగంలోనే అది తగ్గుతుంది, తొందరపెడితే తగ్గడం ఆగిపోతుంది. ఒక వారం, ఎవరూ పిలవకుండానే, చిన్నకోడలు వెనక వరసలోంచి లేచి ముందుకు వచ్చి ఆ చెయ్యి కథ చెప్పింది. మాట మధ్యలో నవ్వింది. మధ్యలోనే ఏడ్చింది కూడా. హాల్లో కళ్లు తడవనివాళ్లు లేరు. అత్తగారు కర్ర నేలకు తాటిస్తూ, "చెప్పానా, చెప్పానా," అని పక్కవాళ్లతో అంది.

పెద్దకోడలి లోపల ఆ అసూయ మళ్లీ లేచింది, ఎక్కడికీ పోనట్టు. ఇలాంటి కథ నాకెందుకు లేదు, ఈ కన్నీళ్లు నాకెందుకు రాలేదు అని అడిగింది. ఆమె దానితో వాదించలేదు. చుట్టూ మూగినవాళ్లు తగ్గేదాకా ఆగి, అందరి తర్వాత తోటికోడలి దగ్గరికి వెళ్లి, "సీనియరుకు నా వందనాలు చెప్పు. ఆమె చెయ్యి చూడాలనుంది," అంది. చిన్నకోడలు ఆమె మొహంలోకి చూసి, చాలాకాలానికి మొదటిసారి, "తీసుకెళ్తా అక్కా," అంది.

ఆ కథ విన్నవాళ్లు ఊరుకోలేదు. దూరపు సంఘంవాళ్లు చిన్నకోడల్ని రమ్మని కబురుపెట్టారు. పెద్దకోడల్ని అక్కడివాళ్లు ఎన్నడూ పిలవలేదు. ఆదివారం పొద్దున్నే మరిది, చిన్నకోడలు బయల్దేరారు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా పెద్దకోడలు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. ఆరాధన ముగిసి ఇంటికి వచ్చాక, ఏమీ తోచక, యూనిఫాం చేతులు ముందేసుకుని కూర్చుంది.

"మండుతోందా?" అంది అత్తగారు.

"మండుతోంది అత్తయ్యా."

"దాచుకోకుండా చెప్పావు, అదే మేలు. మరి ఏం చేస్తావు?"

పెద్దకోడలు ఫోను తీసుకుంది. అటువైపు చిన్నకోడలి గొంతులో సంతోషం ఉరకలేస్తోంది. వెనక జనం, పిల్లలు, గ్లాసుల చప్పుడు. "అక్కా! మీరే చేస్తారనుకున్నా! ఎంతమంది వచ్చారో తెలుసా, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, అప్పుడు ముందు వరసలో ఒక నర్సు కూర్చుని ఉంది, ఆమె ఏం చేసిందంటే..."

ఫోను పెట్టేయడానికి సాకులు చాలా ఉన్నాయి. కొట్టులో పనుంది, పొయ్యిమీద గిన్నె ఉంది. పెద్దకోడలు ఒళ్లోని బట్ట పక్కకు తీసిపెట్టి, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది.

"ఆఁ, చెప్పు," అంది. "తర్వాత ఏమైంది?"